మగ్గాన్ని సమోసాలు జేసిన దినం

రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. కాళ్లు చాపుకున్నా ఏం గాదు. మా గద్వాల ఇంట్ల ఒక కంప్యూటర్ కోసం ఐదుగురం సగం పొద్దు లేవకుండ కూసున్న ముచ్చట చెప్త.

మా బిడ్డ వనపర్తిల ఇంజినీరింగ్ ఆఖరు ఏడాది చదువుతుండె. మగ్గం మీద జకార్డు పెట్టె ఉంటది గదా, చీరకు పువ్వులు తెచ్చేది. దాని బరువు మోసే దూలం ఎంత వంగుతదో కంప్యూటర్ల చూపియ్యాలె, అదే దాని ప్రాజెక్టు. సోమవారం సార్ల ముందర చూపియ్యకపోతే ఏడాది పోతది. ఇంట్ల మగ్గం ఉండంగ కొలతలకు వేరే ఊరెందుకని శనివారం పొద్దుగాల లాప్‌టాప్ సంకలవెట్టుకొని బస్సు దిగింది.

ముందుగాల సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యాలెనట. తెర మీద నీలం గీత ఒకటి గొంగళిపురుగు లెక్క పాకుతుండె. నేను, అత్త, పక్కింటామె చుట్టూ కూసొని చూస్తున్నం. గీత జరంత ఉన్నదనంగ పక్కింటామె పాలు పొంగుతున్నయని లేచింది. అప్పుడే కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎన్నడో సచ్చింది. మల్ల మొదటికొచ్చింది.

మా అత్త ఇగ ఊకోలే. మా ఇండ్లల్ల కొత్త పడుగు పోగులు పాత పడుగుకు అతికేటప్పుడు కూసున్నోళ్లు మధ్యల లేవొద్దు, లేస్తే పోగులు తెగుతయంటరు. ఇది గూడ అతుకుడే అన్నది అత్త. కరెంటొచ్చినంక పక్కింటామెను పాలగిన్నెతో సహా తెచ్చి కూసోవెట్టింది. పెరుగమ్మే ఆమె గడప దాటింది, ఆమెనూ కూసోవెట్టింది. కరెంటు బిల్లు కొట్టెటాయన వస్తే, ఈయన ఇంట్లుంటే కరెంటు పోదని చెయ్యివట్టి కూసోవెట్టింది. ఆయన ఇంక నలభై ఇండ్లు తిరగాలెనని మొత్తుకున్నడు. అత్త ఇన్ని పాలు పోసిచ్చింది. గీత నిండెటాలకు మధ్యాహ్నం దాటింది. కరెంటు మాత్రం పోలే.

అంతసేపు మామ మగ్గం కింది గుంటల కూసొని నేస్తనే ఉండె. బిడ్డ మగ్గం బొమ్మ గీసి, దాన్ని చిన్న చిన్న ముక్కలు జేసింది. ఒక్కొక్కటి నాలుగు కొనలతోని, అచ్చం బస్టాండుకాడి సమోసా తీరు. ఒక్కొక్క ముక్క ఎంత వంగుతదో లెక్కగట్టి అంతా కలుపుకుంటదట. మామ మెడ తిప్పి చూసిండు.

"మా నాయిన చేపిచ్చిన మగ్గం. సమోసాలు జేసినవా బిడ్డా?"

బిడ్డ నవ్వి మీట నొక్కింది. తెర మీద దూలం, దాన్ని మోసే రెండు నిలువు కర్రల మధ్యలకెల్లి జారి, భూమిల వడి, కనవడకుండ పోయింది. మల్ల నొక్కింది, మల్ల పోయింది. మామ నెత్తి మీదున్న అసలు దూలాన్ని ఒకసారి చూసి, సడిసప్పుడు లేకుండ గుంటలకెల్లి లేచొచ్చి అరుగు మీద కూసున్నడు. కంప్యూటర్ అబద్ధమాడదంటరు గదా అన్నడు. అత్త తాడు తెచ్చి దూలాన్ని పైకప్పు వాసాలకు కట్టవట్టింది. బిడ్డ మాత్రం ఏడాది పోయినట్టే అని మోకాళ్లల్ల మొహం వెట్టుకున్నది. అది జూసి నా పాణం ఆగమయింది.

ఆదివారం గూడ దూలం పడుతనే ఉండె. మామ అరుగు దిగొచ్చి, బిడ్డ పక్కన కూసొని, దూలమూ కర్రా కలిసే జాగను ముక్కు ఆనిచ్చి చూసిండు. మా చీరకు నూలు నడుము వేరే, పట్టు అంచు వేరే. నేసేటప్పుడు ప్రతి పోగుకు ఈ దారాన్ని ఆ దారంల మెలేస్తేనే రెండు కలుస్తయి. యాభై ఏండ్లు ఆ పనే చేసిన కండ్లు మామయి.

"అంచు కలపలే బిడ్డా. ఈ దిక్కు సమోసాలు ఆ దిక్కు సమోసాలను పట్టుకోలే. పక్కపక్కన ఊకె నిలవడ్డయి."

బిడ్డ కండ్లు తుడుసుకొని చూసింది. నిజమే. దూలం వేరే, కర్ర వేరే చేసి, కలుపుడు మరిచింది. కొనకు కొన ముడేసి మీట నొక్కింది. దూలం పడలే. కాని ఎద్దు కొమ్ము లెక్క వంగింది. మామ మల్ల అరుగు దిక్కు నడిచిండు.

"తాతా, కండ్లకు కనవడాలెనని ఎక్కువ జేసి చూపిస్తది. అసలు వంగేది నూలుపోగు మందం గూడ లేదు."

మామ నమ్మలే. దూలం కింద పోగు మందం సందు ఇడిసి, కర్రకూ కర్రకూ నూలుపోగు బిగ్గ కట్టిండు. అత్త కట్టిన తాళ్లు ఇప్పిండు. నన్ను గుంటల దిగి మగ్గం తొక్కుమన్నడు. తనేమో బల్ల ఎక్కి చూస్తుండు. నేను తొక్కిన కొద్ది తొక్కిన. దూలం పోగుకు తాకలే. అప్పుడు నన్ను జరుగుమని, ఏం జరగనట్టే కూసొని నేసుకున్నడు.

సోమవారం సార్లు, కంప్యూటర్ చెప్పింది సరే, నిజంగ కొలిచిన్రా అని అడిగిన్రట. మా తాత పోగు కట్టి కొలిచిండని చెప్పిందట బిడ్డ. సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని సంతకం వెట్టిన్రు. ఏడాది దక్కింది. ఆ పోగు ఇంక గట్లనే ఉన్నది, దుమ్ము దులుపనియ్యడు మామ.

మీ ఇంటి దూలం పోగు మందం గూడ వంగొద్దు. మీ ఇంట్ల అంచూ నడుమూ ఎన్నడు ఇడిపోవద్దు. పొయ్యి మీద పాలు పొంగిపోవద్దు. ముచ్చట నిండింది, ఇగ లేవొచ్చు.