పన్నెండో కన్నం

మా మేనత్త వెదురు బుట్టలు అల్లుతుంది. బద్దల మధ్య కన్నాలన్నీ ఆరు మూలలతోనే అల్లుకుంటూ పోతే అది చాప అవుతుంది తప్ప ఎన్నేళ్లు కూర్చున్నా బుట్ట కాదు. వంపు కావాల్సిన చోట అత్త ఒక బద్ద తగ్గించి, ఐదు మూలల కన్నం వేస్తుంది. తెలియనివాళ్లు దాన్ని తప్పనుకుంటారు. ఆ తప్పే లేకపోతే బుట్టే లేదు.

కాలేజీ ఫిజిక్స్ మాస్టారు పాఠంలో చూపించడానికి ఆవిడ చేత ఒక పెద్ద బంతి అల్లించుకున్నారు. అత్త దాన్ని బల్ల మీద పెట్టగానే, ఆయన చుట్టూ తిరుగుతూ, సుద్దముక్కతో గుర్తులు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టారు.

"ఐదు మూలలవి కచ్చితంగా పన్నెండు ఉండాలమ్మా. బంతి ఎంత పెద్దదైనా లెక్క అంతే. నువ్వు పదకొండే వేశావు," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా అల్లుతున్న చేతికి వంక పెట్టడమా! అత్త మాత్రం తల కూడా ఎత్తకుండా బద్ద చీలుస్తూనే ఉంది.

"పదకొండుతో బంతి మూసుకుంటుందా సారూ?"

రేపు బోర్డు మీద మాస్టారు నిరూపించాల్సింది సరిగ్గా అదే, పదకొండుతో మూసుకోదని.

"దొర్లకుండా ఉంటుందని పన్నెండోదాని మీదే కూర్చోబెట్టాను. ఎత్తి చూసుకోండి," అంది అత్త.

"ఎత్తాల్సిన పని లేదమ్మా," అంటూ ఆయన సుద్దముక్క జేబులో వేసుకున్నారు.