బీరువాలో పట్టినంత

మా బావ ఏ వస్తువునైనా ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు. అది ఆయన ఉద్యోగం. గుద్దుకున్న కార్లనూ లారీలనూ చూసి, ఎంత దెబ్బతిన్నాయో ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఆ అలవాటు ఆఫీసులో వదిలి రావచ్చు కదా? రాడు. పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, వేసిన కుర్చీ చుట్టూ తిరిగి చూసిగానీ కూర్చోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మా అమ్మను ఏదో అడిగి తీసుకుని సంచిలో వేసుకున్నాడు. తినేదేదో అయ్యుంటుంది అనుకున్నాను. ఈయనతో అక్క ఎలా వేగుతుందా అని మాత్రం ఆ రోజే దిగులు పడ్డాను.

వేగింది. కాకపోతే వంటింట్లో. అక్క బట్టలు కుడుతుంది. ఆమె మిషను ఉండాల్సిన వెనక గదిలో బావ పాత బొమ్మలు కాపురం పెట్టాయి. రేకు రైళ్ళు, కీ తిప్పితే డప్పు కొట్టే కోతులు, చెక్క గుర్రాలు, కళ్ళు మూసి తెరిచే ప్లాస్టిక్ పాపలు. పాతదైతే చాలు, బావకు అన్నీ ముద్దే. మిషను మాత్రం పొయ్యి పక్కన, గోడకు అతుక్కుని ఉండేది. ఒకరోజు బాణలిలోంచి నూనె చిట్లి, మర్నాడు ఇవ్వాల్సిన తెల్ల చొక్కా జేబు మీద పడింది. అక్క పొయ్యి ఆర్పి, చొక్కా తెచ్చి బావ ముందు పరిచింది.

"నెలాఖరుకి ఆ గది నాకు కావాలి. హాల్లో అద్దాల బీరువా ఒకటి మీకు వదిలేస్తాను. అందులో పట్టినవి మీవి, పట్టనివి పాతసామాన్లాయనవి."

"అన్నీ నావేనే! అందులో ఏవని ఏరను?"

"అన్నీ మీవంటే ఏదీ మీది కాదని అర్థం" అంది అక్క.

బావకు ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్ళు పోగేసినవాటిలో ఇది నాది అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేది ఏదో ఆయనకే తెలియదు. తెలుసుకోవడానికి పాత బొమ్మల సంఘం పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు. ఆయన్ని అందరూ సీలు తాతగారంటారు. కొన్న బొమ్మల పెట్టెలకు వేసిన సీలు ఒక్కటి కూడా విప్పని మనిషి. "సీలు విప్పితే సగం పోయింది. పిల్లలు ఆడుకున్నారా, మొత్తం పోయింది" అనేది ఆయన సిద్ధాంతం. పిల్లల్ని చెదపురుగుల్లో జమకట్టేశాడు.

"ఒక దారి పట్టవయ్యా. ఒకే కంపెనీ, లేదంటే ఒకే రకం, లేదంటే ఒకే రంగు. కంటికి కనపడిందల్లా కొనేవాణ్ణి సేకరణకర్త అనరు, గోడౌన్ అంటారు" అన్నాడు తాతగారు.

బావ దారి పట్టాడు. మొదట రైళ్ళన్నాడు. బీరువా నిండా రైళ్ళు సర్ది, స్టేషన్లో బండి తప్పిపోయినవాడిలా వాటి ఎదురుగా కూర్చున్నాడు. రైళ్ళు కాదు, ఎర్రవి అన్నాడు. రైళ్ళు దిగాయి, ఎర్రవి ఎక్కాయి. వెలిసిపోయిన ఒక బస్సు ఎరుపా గులాబీయా అని తనతో తనే తగువుపడి, ఓడిపోయాడు. ఈ దింపడాలూ ఎక్కించడాలూ చేసిన నడుము ఎవరిదనుకున్నారు? నాదే. వ్యానున్న బావమరిది ఉండడం కొందరికి వరం.

నెలాఖరు దగ్గరపడింది. చివరికి సీలు తాతగారే చేతి తొడుగులు వేసుకుని ఇంటికి వచ్చాడు. పూటలో తేల్చేశాడు. గీత పడనివి, విరగనివి ఒక పక్క. మిగతావి చెత్త పక్క. చెత్తలో అడుగున, రుమాల్లో చుట్టిన మూట ఒకటి కనబడితే కొస పట్టుకుని ఎత్తి, "ఇది బొమ్మా, దుమ్ము తుడిచే గుడ్డా?" అని ముక్కు మూసుకుని పడేశాడు. బావ ఆఫీసులో ఉన్నాడు. అడిగేవాడు లేడు. మంచివి బీరువాలో కొలిచినట్టు సరిపోయాయి. అక్క సంబరపడి తాతగారికి రెండుసార్లు కాఫీ ఇచ్చింది. నేను చెత్తంతా వ్యానుకెత్తాను.

సందు మలుపు తిరుగుతుండగా అద్దంలో బావ కనబడ్డాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చినట్టున్నాడు. ఒక కాలికే చెప్పు. "ఆపరా! ఒరేయ్, ఆపు!" అని అరుస్తూ వస్తున్నాడు. ఆపాను. వెనక ఎక్కి, బస్తాలు బోర్లించి, మూట దొరికేదాకా వెతికాడు. దొరికాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని మిగతావి ఒక్కొక్కటే తిప్పి చూడసాగాడు. రేకు బస్సుకు ఒక చక్రం పోతే ఎవరో కోటు బొత్తాం బిగించారు. పాప కాలు ఊలు దారంతో కుట్టి ఉంది. డప్పు చిల్లికి సైకిల్ ట్యూబు అతుకు వేశారు.

"ఎంత దెబ్బతిందో చూసి చెప్పడమేరా నా పని. ఎవరు బాగుచేశారో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నేను కొన్నవాటిలో సగం ఇలాంటివే, చూశావా? తెలియకుండానే కొన్నాను" అన్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

మర్నాడు బీరువా ఖాళీ చేసి, ఆ మచ్చలేని సరుకంతా తాతగారికిచ్చి, బదులుగా, మంచివాటితో కలిసి వస్తే ఆయన పనికిరావని అటక మీద పడేసిన విరిగిన బొమ్మల్లో అతుకులున్నవి తెచ్చుకున్నాడు. తాతగారు నాకు ఫోన్ చేసి, సంతోషం దాచుకోలేక, "మీ బావగారికి ఒంట్లో బాగానే ఉందా బాబూ?" అన్నాడు. ఉందండీ, మొదటినుంచీ ఇంతే అన్నాను.

అతుకుల బొమ్మలతో బీరువా సగమే నిండింది. మధ్య అరలో బావ ఆ మూట విప్పి పెట్టాడు. గుడ్డ కుందేలు. ఒక చెవి నీలం దారంతో, గుడ్డివాడు కుట్టినట్టు వంకర టింకరగా కుట్టి ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా బావ. దీనికి నాలుగూ ఉన్నాయి. నేను లెక్కపెట్టనక్కర్లేదు, ఎందుకంటే ఆ కుందేలు నాది. చెవి తెగిందని నేను ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే, అప్పటికి సూది పట్టడం రాని అక్క, వేళ్ళు పొడుచుకుంటూ కుట్టింది. ఆ రోజు గుమ్మం దగ్గర మా అమ్మనడిగి బావ సంచిలో వేసుకున్నది తినేది కాదన్నమాట.

అక్క కూడా గుర్తుపట్టింది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. "ఛీ, ఇదేం కుట్టు! నలుగురూ చూస్తే నా దగ్గర బట్టలు కుట్టించుకుంటారా? ఇటివ్వండి, విప్పి సరిగ్గా కుడతాను" అని చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" అన్నాడు బావ.

పెళ్ళయ్యాక ఆయన అక్క మీద గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. అక్క చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, దారపు ఉండల బుట్ట తెచ్చి బీరువాలో ఖాళీగా ఉన్న అరల్లో సర్దడం మొదలుపెట్టింది. పరాయివాళ్ళ ఒంటి మీద కుట్టు వంకరగా కనబడినా ఊరుకోని మనిషి, ఆ చెవిని మాత్రం ఇప్పటికీ అలాగే వదిలేసింది.