సిద్దిపేట పాత నక్షాలో మా చెల్లె పొలం బాట

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. ప్రయాణం అంటే జనం కొండనో సముద్రాన్నో చూసి వచ్చి రాస్తారు. నేను చూసి వచ్చింది ఒక ఆఫీసులో బట్టలో చుట్టి పెట్టిన కాగితాల మూటలు. పైగా కథ చివరికి వచ్చేసరికి మా ఇంటివాళ్ళ గొప్పతనం పెద్దగా ఏమీ మిగలదు. కానీ ఈ వారంలో చేర్యాల చాయ్ హోటల్లో ముగ్గురు వేరువేరుగా నన్ను పట్టుకుని, "పాత నక్షా కాపీ ఎట్ల తీస్తరే" అని అడిగారు. ముగ్గురికీ మొదటినుంచీ చెప్పి గొంతు పోయింది. నాలుగోవాడి కోసం రాసి పెడుతున్నాను.

మా చెల్లె బాలవ్వను నారాయణరావుపేట దిక్కు ఒక పల్లెలో ఇచ్చాం. భర్త పోయాక ఉన్న రెండెకరాలూ ఆమే చేసుకుంటోంది. ఆ పొలానికి పక్క రైతు కనకయ్య చేను అంచున ఉన్న బండ్ల బాట ఒక్కటే దారి. ఆమె కాపురానికి పోయిన నాటి నుంచీ అదే బాట. పోయిన వానాకాలం ఆమె బర్రె కనకయ్య మక్కచేనులో పడింది. అతను నాలుగు మాటలు అన్నాడు. ఈమె ఊరుకుంటే సరిపోయేది గానీ, ఊరుకోవడం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు. "బాటెంబడి పోయే బర్రె పక్కకు మర్లదా? ఏదో బాట నీ అయ్య ఏసినట్టు మాట్లాడ్తవేంది" అన్నదట. కనకయ్య యాసంగి నాట్లు అయ్యేదాకా ఆగి, బాటకు అడ్డంగా తుమ్మకంప కొట్టాడు.

మనిషి గట్ల మీద నుంచి పోవచ్చు, కోత మిషన్ పోలేదు. ఏప్రిల్ వచ్చింది, వరి పండి వంగింది. సాయంత్రమైతే పడమట మబ్బు పడుతోంది, పక్క మండలంలో రాళ్ళవాన కొట్టిందని ఫోన్లు వస్తున్నాయి. ఇంకో వారం ఆగితే గింజ మొత్తం నేల పాలు. కొలిచే సర్వేయరును అడిగితే, పాత నక్షాలో, అంటే ఊరి భూముల పటంలో, బాట ఉంటే కంప తీయిస్తాననీ, నక్షాతో పాటు పాత పహాణి నకళ్ళు కూడా తెమ్మనీ అన్నాడు. పహాణి అంటే ఏ భూమిలో ఎవరు ఏం పండించారో ఏడాదికేడాది రాసే పుస్తకం. బాలవ్వ అదే రోజు బస్సెక్కి చేర్యాలలో మా ఇంటి ముందు దిగింది.

"అన్నా, పాత కాయిదాలన్నీ ఉర్దూల ఉంటయంట. నీకు అస్తది గద."

"అస్తదిలే" అన్నాను.

ఇక్కడ కొంచెం పక్కకు పోవాలి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా దర్జీ దుకాణంలో, పొట్లాలు కట్టిన కాగితాల మీద. మా ఉస్తాద్ కొలతల పుస్తకం ఉర్దూలో రాసేవాడు. ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు తప్పు లేకుండా చదివితే తప్ప కత్తెర ముట్టనిచ్చేవాడు కాదు. అలా నా ఉర్దూ అంతా మెడకూ మడమకూ మధ్యనే ఉండిపోయింది. భూమికి వేరే ఉర్దూ ఉంటుందని నాకు సిద్దిపేటలో గానీ తెలియలేదు.

పొద్దున ఆరున్నర బస్సు పట్టుకున్నాం. దుద్దెడ మీదుగా సిద్దిపేటకు గంటకు కొంచెం పైన పడుతుంది. నా టికెట్టు అరవై దాకా అయింది. బాలవ్వ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టింది. బాలవ్వ ఆ చీటీని, నన్నూ మార్చి మార్చి చూసి, "మొగోనిగ పుట్టి ఏం లాభపడ్డవే అన్నా" అంది. కండక్టరమ్మ నా చిల్లర లెక్కపెడుతూ, "గట్లనకవ్వా, కిటికీ సీటు తాతకే ఇచ్చినం గద" అంది. కిటికీ అవతల కోతలైన మళ్ళు కొన్ని, కావలసినవి కొన్ని. బాలవ్వ కోసినవాటినే చూస్తూ కూర్చుంది.

బస్టాండు బయట ఒకామె బండి మీద సర్వపిండి కాలుస్తోంది. మీరు పోతే అది తినకుండా ఆఫీసుకు పోకండి, ఎందుకంటే తర్వాత ఎప్పుడు తింటారో ఎవరూ చెప్పలేరు. ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగాను.

"బియ్యప్పిండి తాతా, అది కాలినప్పుడే కాల్తది. ఆఫీసు పదిన్నరకు గని తెరువరు. నీకేం తొందర?"

"ఆఫీసుకని నీకెవరు చెప్పిన్రు?"

"సంకల ప్లాస్టిక్ కవరు, మొకం మీద బుగులు. ఇంకేడికి పోతరు మీరు."

ఇద్దరికీ కలిపి డెబ్బై అయింది. పల్లీలు ధారాళంగా వేసింది. కాస్త పచ్చిపులుసు కూడా పోసి, దానికి పైసలు తీసుకోలేదు. ఆ రోజు మాకు దొరికిన మంచితనంలో అది మొదటిది.

పాత భూమి రికార్డులుండే గదికి ఆటోలో పది నిమిషాలు. తెల్లకాగితం మీద ఊరు పేరు, సర్వే నంబరు, కావలసిన సంవత్సరం రాసి, ఆధార్, పట్టా పాస్‌బుక్కు జిరాక్సులు జోడించి ఇవ్వాలి. రికార్డులు చూసే ఆమెను అందరూ మేడం అంటున్నారు, మేమూ అన్నాం. మా చెల్లె మామగారి కాలం పహాణి కావాలని ఇంగ్లీషు సంవత్సరం రాశాను. అప్పటి పుస్తకాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది, అది వేసుకురమ్మంది. నైజాం కాలంలో పంటల ఏడాదికి ఒక లెక్క ఉండేది, అదే ఫసలీ. ఇంగ్లీషు సంవత్సరానికీ దానికీ ఐదువందల తొంభై తేడా అని నాకు తెలుసు. తెలిసినవాడి ధీమాతో బల్ల మీదే కూడి, రాసి ఇచ్చాను. ఆమె చీటీ చూసి, నన్ను చూసి, మళ్ళీ చీటీ చూసింది.

"తాతా, తీసెయ్యాలె. కలపొద్దు. నీ లెక్కల అయితే గా పెద్దమనిషి పుట్టనీకే ఇంకా ఐదువందల ఏండ్లు ఆగాలె."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. బాలవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది. చాలా వారాల తర్వాత నవ్వుతోందని తెలుస్తోంది కాబట్టి నేనూ నవ్వుతూనే చీటీ దిద్ది ఇచ్చాను.

రెండు గంటలు కూర్చున్నాక మేడం మూటలు తెచ్చి మా ముందు విప్పింది. అంత పాత కాగితం నేనెప్పుడూ ముట్టలేదు. మామగారు రాజయ్య పేరు, జొన్న ఎంత, కంది ఎంత, బావి ఉందా లేదా, చెట్లెన్ని, అన్నిటికీ ఒక్కో గడి. చెట్ల గడిలో చింతచెట్టు ఒకటి అని ఉంది. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివి చెబితే బాలవ్వ ఆ గడి మీద వేలు పెట్టి, "నా పెండ్లి వంటలు దీని కిందనే జేసిన్రు" అంది. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ ఎవరో, ముక్కూ మొహం తెలియనివాడు, ఎండలో నిలబడి మా చెల్లె పెళ్ళికి ముందే ఆ చెట్టును లెక్కపెట్టి పోయాడు. అతనికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాత నక్షా వచ్చింది. గుడ్డకు అంటించిన పెద్ద కాగితం. అంకెలు కొలత టేపు మీదివే కాబట్టి బాలవ్వ నంబరూ, పక్కనే కనకయ్య నంబరూ వెంటనే దొరికాయి. తుంపులు తుంపులుగా గీసిన జంట గీత కూడా దొరికింది, బండ్ల బాట. అయితే అది కనకయ్య చేనులో లేదు. బాలవ్వ పొలం అంచునే, ఆమె నంబరు లోపలి నుంచే పోతోంది. నేను నక్షాను తలకిందులు చేసి చూశాను. ఎటు తిప్పినా బాట మా దిక్కే ఉంది.

వరండాలో ఖాజా మాస్టారని ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఉర్దూ చెప్పి రిటైరయ్యాడట. ఇలా వచ్చేవాళ్ళకు పాత కాగితాలు చదివి పెడతాడు. మేడమే ఆయన్ని లోపలికి పిలిచింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, గీత పక్కన నాకు కొరుకుడు పడని అక్షరాల మీద పుల్ల ఆనించాడు.

"బండి రాస్తా అని రాసి ఉంది భాయ్. రాజయ్య నంబర్ల కెళ్లి పోతుంది. పక్క నంబర్ల ఏం లేదు, సాఫ్ ఉంది."

"గాడ మా బాయి ఉంటది గద" అంది బాలవ్వ.

ఖాజా మాస్టారు పహాణి మూటలు దగ్గరికి లాక్కుని, ఒక్కో ఏడాదీ బావి గడి చూసుకుంటూ వచ్చాడు. కొన్నేళ్ళు ఖాళీ. తర్వాత ఒక ఏడు, బావి ఒకటి, కొత్తది. బాలవ్వ ఒక్కో మాటే గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. కరువు ఏడు మామ మూడు జాగల తవ్వితే మూడు జాగల రాయి పడిందనీ, నాలుగో జాగలో జల పడిందనీ ఇంట్లో చెప్పుకునేవారు. ఆ నాలుగో జాగ బాట మీదే అని ఎవరూ చెప్పలేదు. బాట మూసి బావి ఉంచుకుంటే బండి ఎటు పోవాలి? కనకయ్య తండ్రి లింగయ్య తన చేను అంచు వదిలిపెట్టాడన్నమాట. కాగితం లేదు, పైసా లేదు, ఒక మాట మీద.

"ప్రతి కోతకు మా అత్త తొలి గంప లింగయ్య ఇంటికి అంపుతుండె" అంది బాలవ్వ. "ఎందుకత్తా అంటే, ఆళ్ల దిక్కెల్లి నడుస్తున్నం గదనే అనేది. నడుస్తే గింజలెందుకియ్యాలె అనుకున్న. అత్త పోయినంక నేనే బంద్ జేసిన."

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన గొప్పది కాదు. నక్షా దొరకలేదని సర్వేయరుకు చెప్పి, ఊళ్ళో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఎన్నో ఏళ్ళ నుంచి నడిచిన బాటని గట్టిగా మాట్లాడితే పని కావచ్చు. ఆ మాట చెల్లె చెవిలో చెప్పాను కూడా.

"కాపీ కావాల్నా, వద్దా?" అని అడిగింది మేడం. మా మొహాలు చూసి ఆమెకు సగం అర్థమైంది.

"ఇయ్యున్రి మేడం. రెండియ్యున్రి" అంది బాలవ్వ.

కాపీలకు కొద్దిగా ఫీజు కట్టించుకుని రసీదు ఇచ్చారు, మూడున్నరకల్లా చేతికొచ్చాయి. ఖాజా మాస్టారుకు ఏమైనా ఇద్దామంటే జేబు మీద చెయ్యి పెట్టి మూసుకున్నాడు, చాయ్ మాత్రం తాగాడు. నారాయణరావుపేట ఆటోలు నిండితే గానీ కదలవు, మనిషికి నలభై తీసుకుంటారు. దారిలో మబ్బు చూసి డ్రైవర్ వేగం పెంచాడు. "వరి ఉన్నదా అవ్వా?" అని అడిగాడు. ఉందంది. "నాది నిన్ననే కోసిన" అని, అదేదో తప్పు చేసినట్టు చెప్పాడు.

ఊళ్ళో దిగి బాలవ్వ ఇంటికి పోలేదు. నేరుగా కనకయ్య ఇంటికే పోయాం. అతను వాకిట్లో గడ్డి కోస్తున్నాడు. మమ్మల్ని చూసి కొడవలి ఆపలేదు.

"అన్నను దోల్కొచ్చినవా. సర్వేయరు ఏడీ?"

"సర్వేయరు వద్దు తియ్ తమ్మీ." బాలవ్వ ఒక కాపీ అరుగు మీద పెట్టి, మీద చిన్న రాయి ఉంచింది. "బాట నీ అయ్య ఏసినట్టు మాట్లాడ్తవని అన్న గద. ఏసిండు. మీ అయ్యనే ఏసిండు. నా బాట మీద నా బాయి ఉన్నది."

నేను నక్షా చూపించి విషయం చెప్పాను. ఈసారి తిప్పకుండా చూపించాను. కనకయ్య గీత వెంట వేలు జరిపాడు. అతనికీ తెలియదు. తండ్రి చెప్పలేదు. కాగితం పక్కన పెట్టి తల్లి మాట ఎత్తాడు.

"గా గంప ఎందుకొస్తుండెనో నాకు తెల్వదు గని, రాని ఏడు మా అవ్వ నాలుగు దినాలు గడపల కూసున్నది. బాలవ్వకు పానం బాగలేదేమో, సూసిరాపోరా అన్నది. నేనే పోలె."

బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్వకు నేను ఏం జెప్పుకోవాలె ఇగ" అంది.

"ఏం జెప్తవు, పోయింది గద." అతను గడ్డి మోపు కట్టుకుంటూ, "పోన్రి, మబ్బు వట్టింది" అన్నాడు.

ఆ రాత్రి చెల్లె ఇంట్లో పడుకుని, ఎవరెవరికి రుణపడ్డానో తలుచుకున్నాను. చెట్టును లెక్కపెట్టిన పట్వారీ, గీత గీసినవాడు, ఇన్నేళ్ళు ఆ మూటలకు చెదలు పట్టకుండా చూసినవాళ్ళు, నా తప్పును నవ్వుతూ దిద్దిన మేడం, చాయ్‌తో సరిపెట్టుకున్న మాస్టారు. అందరికంటే ఎక్కువగా లింగయ్య. నేనాయన్ని రెండుసార్లు చూసి ఉంటాను, మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఆయన చేసిన మేలు ఏ గడిలోనూ రాసి లేదు. దాన్ని రాసుకునే పుస్తకం ఏడాదికొక గంప వడ్లు, దాన్ని మా ఇంట్లోనే మూసేశారు. మీరు మీ ఊరి కాగితాల కోసం సిద్దిపేట పోతుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే: ఇంగ్లీషు సంవత్సరంలోంచి ఐదువందల తొంభై తీసేసి ఫసలీ సంవత్సరం ముందే వేసుకుని పోండి. సగం పూట కలిసొస్తుంది, వెనక వరుసలో నవ్వేవాళ్ళుండరు.

వాన ఆ ఊరి మీద పడలేదు. పొద్దున పోయి చూస్తే తుమ్మకంప బాట మీద లేదు, గట్టు పక్కకు ఈడ్చి ఉంది. పదింటికి కోత మిషన్ వచ్చింది. బాలవ్వ తొలి గంప నెత్తిన పెట్టుకుని కనకయ్య ఇంటికి పోయింది, వెనకాల నేనూ పోయాను. అతను ఇంట్లో లేడు. భార్య వడ్లు చాటలో పోసుకుని, గంపలో నాలుగు ఉల్లిగడ్డలు వేసి తిరిగి ఇచ్చింది.