మొక్కు పొట్టేలు

బక్రీద్ ముంగట బహదూర్‌పురా రోడ్డు పొడుగూత గొర్రెలను కట్టేస్తరు, వాన పడితే తడిసిన ఉన్ని వాసన బస్సుల లోపటి దాక వస్తది, ఆ వాసనకు ఇయ్యాల గూడ నా పాణం ఉసూరుమంటది.

మా ఇంటెనుక రేకుల దొడ్డి ఉంటుండె. చిన్నాయన ఉస్మాన్‌గంజ్ నుంచి సైకిల్ మీద తెచ్చిన శనగపొట్టు నానేసి, చలికాలం గొర్రెపిల్లలకు గోనెసంచులు కప్పి, మందనంతా చిన్నమ్మనే చూసేది. ఎండాకాలం మేం చీకిన మామిడిటెంకలు మందకంత ఒక్కటే ఉన్న పొట్టేలుకు ఇసిరెటోళ్లం. బోనాల నాడు దాని కొమ్ములకు పసుపు పూసి, మెడల వేపాకు దండేసి, బెల్లమన్నం మొదటి ముద్ద దానికే పెట్టెటోళ్లం, ఎందుకంటే అది పోచమ్మ సొత్తు. చిన్నమ్మ కడుపు పండితే దాన్నిస్తనని నాయనమ్మ మొక్కుకున్నది. అప్పటిదాక కొయ్యొద్దు, అమ్మొద్దు, మార్చొద్దు.

చిన్నమ్మ కడుపు పండలే. పొట్టేలు దొడ్డిలనే ఉండిపోయింది. దానికి పుట్టిన ఆడపిల్లలు పెరిగి దానికే ఈనినయి, వాటికి పుట్టినయి గూడ దానికే. ఏటేటా పిల్లలు చిన్నగైతుండె, తల్లికాడ పాలున్నా తాగే సత్తువ లేకుండె, బతికినయి గూడ ఎదగకపోతుండె. ఆఖరుకు ఒకటి రెండు తప్ప గొర్రెలు చూడి కట్టుడే బందైంది. గొడ్డుదని నాయనమ్మ ఒక్కొక్కదాన్ని కసాయికి తోలిస్తుంటే, చిన్నమ్మ తల ఎత్తకుండ పొట్టు కలుపుకుంట ఉండేది. ఆ మాట ఎవరికి తగులుతుందో నాకు ఆ వయసుల గూడ తెలుసు.

ఒకనాడు పొద్దుగాల పుట్టిన పిల్ల పొద్దుగూకకముందే సచ్చిపోయింది. చిన్నమ్మ దాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

"తండ్రే మొగడైతే పిల్లలెట్ల బతుకుతయత్తమ్మా? తప్పు గొర్రెలది కాదు. పొట్టేలును మార్చుండ్రి."

"మొక్కు తప్పితే నీకు పిల్లలైతరా ఏంది?"

"కాకుంటె మానె. ఇవన్న బతకనీ."

చిన్నమ్మ పోచమ్మకు చెంపలేసుకొని, ఊర్ల కెల్లి వచ్చిన కాపరికి మొక్కు పొట్టేలునిచ్చి, బదులు ఆయన పొట్టేలును తెచ్చి తనే కట్టేసింది. మర్సటేడు, గొడ్డుయని కసాయికి పోవాల్సిన ఆ మిగిలిన గొర్రెలే ఈనినయి. పిల్లలు పుట్టంగనే లేచి నిలబడి తల్లుల పొదుగులు కుమ్ముతుంటే నాయనమ్మ అరుగు మీద కూసోని మస్తు సంబురపడ్డది. చిన్నమ్మను గొడ్రాలనుడు మాత్రం ఇడువలే.

ఇప్పుడు చిన్నమ్మ లేదు. దొడ్డి జాగల కిరాయిదార్లు బండ్లు పెట్టుకుంటున్నరు, నానిన శనగపొట్టు వాసన ఎట్లుంటదో నా బిడ్డకు తెల్వదు. అవి పోయినందుకు నాకంత ఫికర్ లేదు. మందకైతే పొట్టేలును మార్చిన్రు గని, ఒక్కసారి దవాఖానకు పోయి చూపించుకోమని చిన్నాయనను మా ఇంట్ల ఎవ్వరు అనలే.