వెంకటసుబ్రహ్మణ్యం గారి అరుపుల పెట్టెలు

వెంకటసుబ్రహ్మణ్యం గారు మేడ మీద దెయ్యాన్ని పెంచుతున్నారనీ, అది మొన్నటి తుపానులో గొలుసు తెంపుకుని మెట్లు దిగి కింది వాటాలో అచ్చమ్మను పట్టుకుందనీ బందరులో సగంమంది చెప్పుకుంటున్నారు. మిగతా సగంమందికి ఇంకా తెలియదు కాబట్టి చెప్పుకోవడం లేదు. ఈ మాట పుట్టింది మా వీధిలోనే గనుక దాన్ని సరిచేసే పూచీ కూడా మా వీధిదే. ఆయన దగ్గర దెయ్యం లేదు. చేతిలో ఇమిడే పాటల పెట్టెలున్నాయి. అరిచేవాళ్ళు వాటిలో ఉన్నారు.

చూస్తే అలా కనపడరు. కోర్టులో గుమాస్తా. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, నుదుట విభూతి, ఇస్త్రీ చొక్కా. తాతగారిది వీణ, తండ్రిగారిది ఫిడేలు. వంశంలో సంగీతం ఎక్కడా ఆగలేదు, ఈయన దాకా వచ్చేసరికి కాస్త గొంతు మారింది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఎవరో వదిలేసిపోయిన క్యాసెట్ ఒకటి విన్నారట. ఆ పూట అన్నం తినలేదట. మర్నాటి నుంచీ అది వినకుండా అన్నం తినలేదట. దాన్ని మెటల్ అంటారు. అంటే లోహం. వింటే అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

"అన్నీ ఒకటే అరుపు కదండీ" అని ఎవరైనా అంటే మాత్రం ఆయన మనసు కష్టపెట్టుకుంటారు. కాకరా కాయే, బీరా కాయే, రెండూ ఒకటేనా అంటారు. డెత్ మెటల్ అంటే బియ్యం మిల్లు లోపల నిలబడి పోట్లాడుకుంటున్నట్టుండాలట. బ్లాక్ మెటల్ అంటే రేకుల షెడ్డు మీద ఏకధార వాన, ఆ వానలో ఎక్కడో ఒకడు తప్పిపోయి కేకలేస్తున్నట్టు. డూమ్ అనేది రోడ్డు రోలరు: రాదు, రాదు, వచ్చిందంటే మీదనుంచే పోతుంది. గ్రైండ్‌కోర్ అంటే అంట్లన్నీ మెట్ల మీంచి దొర్లినట్టు. మొదలయిందనుకునేలోగా అయిపోతుంది.

ఆ చెవి వీధిలో ఏ చప్పుడునీ ఊరికే పోనివ్వదు. సైలెన్సర్ ఊడిన ఆటో పోతే తల పంకించి "గ్రైండ్‌కోర్" అంటారు. ఎదురింటి మిక్సీ డెత్ మెటల్‌లో పాత పద్ధతి. ఒకసారి కృత్తివెన్ను వైపు పెళ్ళికి వెళ్ళి, రొయ్యల చెరువులో నీళ్ళు చిమ్మే గాలిచక్రాలన్నీ ఒక్కసారి తిరుగుతుంటే గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడిపోయారు. భోజనాలకి పిలవడానికి వచ్చినవాళ్ళతో, ఇది నార్వే పద్ధతి బ్లాక్ మెటల్ అని చెప్పారు. చెరువు యజమాని అది కొత్తగా వచ్చిన రొయ్యల తెగులేమోనని కంగారుపడ్డాడు.

ఆయన భార్య కనకమహాలక్ష్మి గారిది ఒకటే మాట. "నేనరిస్తే వినపడదు. ఎవడో అరిస్తే డబ్బిచ్చి మరీ వింటారు."

ఇక పెట్టెల సంగతి. ఆయన ఫోన్‌లో పాట వినరు. వాడు గొంతు చించుకుని చావు గురించి చెబుతుంటే మధ్యలో అమ్మాయెవరో వచ్చి లోను కావాలా సార్ అంటుందట. అందుకని ఒక్కో తెగకి ఒక్కో పెట్టె. డూమ్‌కి క్యాసెట్ ప్లేయరు, ఎందుకంటే బ్యాటరీ నీరసించి పాట నెమ్మదిస్తే ఇంకా బావుంటుందట. డెత్‌కి సీడీ ప్లేయరు. అది ఆటోలో గంతులేస్తుంది గనుక కోర్టుకి నడిచే వెళతారు. బ్లాక్ మెటల్‌కి అగ్గిపెట్టెంత ఎంపీత్రీ, పెన్సిల్ సెల్ వేసేది, ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. ఇవన్నీ గుడ్డసంచిలో వేసుకుని, పురోహితుడు పంచాంగం పట్టుకున్నంత భద్రంగా తిరుగుతారు.

ఆయన కింది వాటాలో ప్రసన్నలక్ష్మి, మొగుడు వాసు, తల్లి అచ్చమ్మ అద్దెకుంటారు. దివిసీమలో పాలకాయతిప్ప పక్క పల్లెవాళ్ళు. వాసు రొయ్యల చెరువుల మీద కాపలా, వారానికోసారి వస్తాడు. ప్రసన్నలక్ష్మి చేపల రేవులో కమీషన్‌కి సరుకు వేస్తుంది. రేవులో మగవాళ్ళని నోటితో మూడు చెరువుల నీళ్ళు తాగించగలదు గానీ, ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఆమెకి అన్నీ భయాలే. బల్లి భయం, పీడకల భయం, మొగుడి ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అన్నిటికీ పైన అమ్మ భయం.

అచ్చమ్మకి అరవై దగ్గర. డెబ్బై ఏడు ఉప్పెనలో పదేళ్ళ పిల్ల. తల్లి తన చీర చింపి ఈ పిల్లని తుమ్మచెట్టుకి కట్టేసింది. తెల్లారి చెట్టుంది, పిల్ల ఉంది. తల్లి లేదు. ఆనాటి నుంచీ గాలి గట్టిగా వీస్తే అచ్చమ్మ కొంగు తీసి కిటికీ ఊచకి ముడేసుకుని కూర్చుంటుంది. గాలి ఆగేదాకా ముద్ద ముట్టదు, మంచినీళ్ళు ముట్టదు, మాట పలకదు. కిందటి తుపానుకి అలాగే ఉండి ఉండి పడిపోతే ఆసుపత్రిలో సెలైన్లు పెట్టారు. ఇంకోసారి ఇలా జరిగితే ఆ గుండె ఓర్చుకోదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నాక ప్రసన్నలక్ష్మి ఆకు కదిలితే ఆకాశం వంక చూసేది.

వానాకాలం మొదలయ్యాక మరో కొత్త భయం వచ్చింది. ఒక సాయంత్రం రేవు నుంచి వస్తుంటే మెట్ల మీద పై మెట్టున వెంకటసుబ్రహ్మణ్యం గారు, కింది మెట్టున అమ్మ కూర్చుని ఉన్నారు. అమ్మ మెడ ఎత్తి "ఊఁ" అని ఊళ పెట్టింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, కాస్త లావుగా తనూ ఒక ఊళ పెట్టారు. అమ్మ కాదని తల అడ్డంగా ఊపి ఇంకా సన్నగా అందుకుంది. కోర్టు గుమాస్తా, కన్నతల్లి, ఇద్దరూ వెలుగుండగానే ఒకరికొకరు ఊళలు వేసుకుంటుంటే ప్రసన్నలక్ష్మి వీధిలోనే ఆగిపోయింది. ఏంటమ్మా అని అడిగితే అచ్చమ్మ, "ఏదో, మాట్టాడుకుంటన్నాం" అంది.

మూల మీద కొట్టు సంతోషమ్మ దీనికి ఆజ్యం పోసింది. ఆయన క్యాసెట్ అట్ట మీద కొమ్ముల మేకతల ఉందని, తన కళ్ళతో చూశానని ఒట్టేసింది. అంతేకాదు, ఆయన వచ్చి పెన్సిల్ సెల్లులు సంచెడు కొనుక్కెళ్ళారట. వాటితో ఏం చేస్తారో తెలియదు గానీ మంచిపని మాత్రం కాదని సంతోషమ్మ తేల్చేసింది. వాటా ఖాళీ చేద్దామని ప్రసన్నలక్ష్మి వాసుకి ఫోన్ చేసింది. చెరువులో రొయ్య ఉంది, పట్టుబడి అయ్యాక చూద్దాం అన్నాడు. కృష్ణాజిల్లాలో రొయ్య చెరువులో ఉండగా మనిషి మాట ఎవరు వింటారు.

ఈలోగా తుపాను రానే వచ్చింది. రేవులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారు. ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. వాసు చెరువుల దగ్గర చిక్కుపడ్డాడు. పొద్దు కాస్త ఎక్కేసరికి కరెంటు పోయింది, మధ్యాహ్నానికి గాలి సముద్రం వైపు నుంచి ఊరి మీదికి మళ్ళింది. మొదటి ఊపుకే అచ్చమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కొంగు ఊచకి ముడేసుకుంది. కళ్ళు గోడని చూస్తున్నాయి గానీ గోడ కనపడుతున్నట్టు లేదు. ప్రసన్నలక్ష్మి పాలు తెచ్చింది, బతిమాలింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. పెదవి విడలేదు. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. డాక్టరు చెప్పిన రోజు ఇదేననుకుంది.

అదే సమయానికి పెరట్లో రేకు ఊడి కొట్టుకోవడం మొదలెట్టింది. అది ఎగిరి ఎవరి మెడ మీద పడుతుందోనని పరుగెత్తి, తాళ్ళతో కట్టి, ఇటుకలు పెట్టి, తడిసి ముద్దయి లోపలికొచ్చి చూస్తే కిటికీకి కొంగు లేదు.

గది మధ్యలో అచ్చమ్మ నేల మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. కళ్ళు మూసుకుని తల ముందుకీ వెనక్కీ విసురుతోంది. అరచేత్తో నేలని చరుస్తోంది. ఎదురుగా వెంకటసుబ్రహ్మణ్యం గారు, విభూతితో సహా, అదే పద్ధతిలో తల విసురుతున్నారు.

ప్రసన్నలక్ష్మికి ఇక అనుమానం లేదు. ఇది పూనకం. వాళ్ళ పల్లెలో గంగమ్మ జాతరకి నాయనమ్మ ఇలాగే ఊగేది. పూనినప్పుడు ఏం చెయ్యాలో అక్కడ చిన్నపిల్లకైనా తెలుసు. పసుపునీళ్ళు, వేపమండ, హారతి. ఎవరో కనుక్కోవాలి, ఏం కావాలో అడగాలి, అడిగింది ఇచ్చి పంపాలి. వేపమండకి వెతుక్కోనక్కర్లేదు, తుపాను కొమ్మ విరిచి గుమ్మంలోనే పడేసింది. చెంబులో పసుపు కలిపింది. కర్పూరం ముట్టిస్తే గాలికి ఆరిపోయింది, మళ్ళీ ముట్టిస్తే మళ్ళీ ఆరింది. హారతి కూడా అందుకోవడం లేదంటే ఇది అమ్మవారు కాదని, మేకతల తాలూకేనని అనుకుంది.

"ఎవరు తల్లీ నువ్వు? గంగమ్మవా?"

అచ్చమ్మ నేలని ఇంకా గట్టిగా చరిచింది.

"పోలేరమ్మవా? ఎవరైనా సరే, మాయమ్మని వదిలెయ్. దానికి గుండె బాగోదు. కావాలంటే నన్ను పట్టుకో."

భయస్తురాలు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ప్రసన్నలక్ష్మి కళ్ళు మూసుకుని చెంబు ఎత్తి ఇద్దరి నెత్తినా కుమ్మరించింది.

వెంకటసుబ్రహ్మణ్యం గారు పాము మీద కాలేసినట్టు లేచారు. "అమ్మాయ్, నీళ్ళు, ప్లేయరు" అంటూ అచ్చమ్మ ఒళ్ళోంచి అగ్గిపెట్టెంత పెట్టెని లాగి చొక్కా లోపల దాచుకున్నారు. దాంతోపాటు అచ్చమ్మ చెవుల్లోంచి తీగలు ఊడి వచ్చాయి. అచ్చమ్మ కళ్ళు తెరిచింది. పసుపునీళ్ళు ముక్కు మీంచి కారుతుండగా కూతురి చేతిలో వేపమండ చూసింది, చెంబు చూసింది.

"అదేం పనే, నీకు పూనిందా? కడుపు మాడిపోతంది. మెత్తళ్ళ పులుసు ఉందా, అయిపోయిందా?"

బయట గాలి ఊరిని పీకుతోంది. లోపల అచ్చమ్మ అన్నం అడుగుతోంది. ప్రసన్నలక్ష్మి వేపమండతో సహా గుమ్మంలో కూలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

అచ్చమ్మ అన్నం తింటూ చెప్పింది. పెట్టె తుడిచి ఇస్తే తీగలు మళ్ళీ చెవుల్లో పెట్టుకుంది గనుక వీధికంతా వినపడేలా చెప్పింది. ఈ వానాకాలం మొదట్లో మేడ మీది తమ్ముడు, అంటే వెంకటసుబ్రహ్మణ్యం గారే, వచ్చి గాలి నీకెలా వినపడుద్దక్కా అని అడిగాడట. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. అందరూ భయపడకే అన్నవాళ్ళే. ఆ రోజు నుంచీ మెట్ల మీద అక్క గాలిని ఊళవేసి చూపించడం, తమ్ముడు పెట్టెలు తెచ్చి దానికి సరిపడే అరుపు వెతకడం. డెత్ మెటల్ పెట్టాడు. పాటలో సందులున్నాయి, గాలి దూరుద్ది అంది. డూమ్ పెట్టాడు. వీడు ఊపిరి పీల్చుకునేలోగా నేను చస్తాను అంది. గ్రైండ్‌కోర్‌కి, మొదలెట్టాడా, అయిపోయాడా అంది. బ్లాక్ మెటల్ దగ్గర ఆగింది. రేకుల మీద వానలాగ ఎక్కడా సందు లేదు. లోపల కేకలేసేవాడిని చూసి జాలిపడింది కూడాను. తీగలు చెవికి పట్టలేదని వాటి చివర రబ్బరు మూతలు బ్లేడుతో చెక్కి ఆమె చెవికి సరిచేశారు. కరెంటు పోతుంది, ఫోన్ చార్జింగూ పోతుంది, సెల్లులు మాత్రం కొట్లో దొరుకుతాయని సంచెడు కొని పెట్టుకున్నారు. తీరా గాలి మొదలయ్యాక మేడ దిగి వచ్చి ఊచ దగ్గర కూర్చుని తీగలు చెవిలో పెట్టారు. తల ఊపడం ఎవరు నేర్పారంటే, దానంతటదే వచ్చింది అంది. "గాలుందా ఇంకా? ఉంటే ఉండనీ. ఇంకాస్త పులుసు పొయ్యి."

కూతురికి ముందే చెబితే ఏం పోయేదంటే, చెబితే నువ్వు భయపడతావుగా అంది.

ఇదీ జరిగింది. సంతోషమ్మ ఇప్పటికీ మేకతల సంగతి వదలదు, అది వేరే.

ఊళ్ళోకి కరెంటు వచ్చాక, వాసు నీళ్ళలోంచి లేచిన కప్పలాగ క్షేమంగా ఇంటికి చేరాక, ప్రసన్నలక్ష్మి గిన్నెడు పరమాన్నం పట్టుకుని మేడెక్కింది. కనకమహాలక్ష్మి గారు తలుపు తీసి, లోపల అరుచుకుంటున్నారు, వెళ్ళు అన్నారు. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని తల ఆడిస్తున్నారు. ఆమె ముందు నిలబడి చెయ్యి ఊపితే తీగలు తీశారు. తీసిన చెవిలోంచి సన్నగా ఆ కేక వినపడి ఆమెకి ఇంకా ఒళ్ళు జలదరించింది.

"బాబాయి గారూ, ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మంటే గాలికి దడిసింది. మీకేం వచ్చింది? ఇన్నేళ్ళుగా ఇంత భయం పుట్టే పాటలు ఎందుకు వింటారు? మీకు భయం వెయ్యదా?"

ఆయన పరమాన్నం గిన్నె అందుకున్నారు. తలుపు వైపు చూసి, భార్య వినడం లేదని నిర్ధారించుకుని, గొంతు తగ్గించారు.

"వేస్తుందమ్మా. నాకు గాలన్నా భయమే, ఉరుమన్నా భయమే, మా జడ్జిగారన్నా భయమే, మీ పిన్నిగారంటే చెప్పనే అక్కర్లేదు. అవేవీ మనం ఆపమంటే ఆగవు. దీనికి మాత్రం, ఇదిగో, ఇక్కడ మీట ఉంది."