పేరు తెలుస్తుంది, తేదీ తెలియదు

ఆదివారం పొద్దున అంగడి షట్టరు సగం ఎత్తి ఉన్నాను. పక్కనున్న బట్టల అంగడి ఆయన రోడ్డు మీద నిలబడే చెప్పాడు. "ఆళ్లగడ్డ సారు పోయినాడంటప్పా, తెల్లారుజామున." అంతే, ఇంకో మాట లేకుండా లోపలికి పోయాడు. ఏ సారు అని నేను అడగలేదు. నంద్యాలలో మా బజారు మగవాళ్లకు ఆళ్లగడ్డ సారు అంటే ఒక్కరే. ఎత్తిన షట్టరు మళ్లీ కిందికి లాగాను. కూర్చున్నాను, లేచాను, తుడిచిన స్టీలు బిందెలనే మళ్లీ తుడిచాను. ఆయన మాకు చుట్టం కాదు, మా ఊరివాడూ కాదు. అయినా ఇంటి పెద్దదిక్కు పోయినట్టు కాలు ఒకచోట నిలవలేదు.

ఆయన్ను తలుచుకొని రాసేవాళ్లు తక్కువే ఉంటారు. ఆయన దగ్గరికి ఎందుకు పోయామో రాయాల్సి వస్తుంది కదా. నేను రాస్తాను. మూత్రానికి పోయేటప్పుడు మంట పుట్టిన మగవాళ్లను చూసే డాక్టరు ఆయన. జ్వరాలూ దగ్గులూ కూడా చూసేవాడు, కానీ మా ఊరి నుంచి బస్సెక్కి పోయేది ఆ మంటకే. నంద్యాలలో డాక్టర్లు లేరా అంటే సందుకిద్దరు ఉన్నారు. ఆ మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్లు చూస్తారని భయం. అదే భయంతో ఆళ్లగడ్డ వాళ్లు నంద్యాలకు వచ్చేవాళ్లు. "మీ సిగ్గుతోనే ఈ రూట్లో బస్సులు నిండుతాండాయి" అని సారు నవ్వేవాడు.

నేను మొదటిసారి పోయింది మా పాప కడుపులో ఉన్నప్పుడు. అప్పటికే చాలా రోజులుగా మంట. వేడి చేసిందనుకున్నాను. మాకు అన్నిటికీ వేడే కారణం. బార్లీ నీళ్లు తాగాను, సబ్జా గింజలు తాగాను. తాగితే ఎక్కువసార్లు పోవాలి, పోతే మంట. అందుకని నీళ్లు తాగడమే తగ్గించాను. నా తెలివి అట్లా ఏడ్చింది. తర్వాత మందుల షాపులో గొంతు తగ్గించి, ఫ్రెండుకు అని చెప్పి మాత్రలు తెచ్చుకున్నాను. కొన్ని మింగగానే తగ్గింది, మిగతావి పారేశాను. కొద్ది రోజుల్లోనే మంట తిరిగి వచ్చింది, ఈసారి లోబట్ట మీద మరకలు కూడా. అప్పుడు బస్సెక్కాను.

ఆస్పత్రిలో సారు గది బయట బల్ల మీద ఎవరున్నారంటే మా పక్క అంగడి ఆయనే.

"ఏందప్పా, నువ్వీడ?" అన్నాడు.

"మోకాలన్నా. నువ్వు?"

"నడుము."

మోకాలూ నడుమూ కలిసి గోడ మీది క్యాలెండరును చాలాసేపు చూశాయి.

సారు గదిలో పెద్ద స్టాండు ఫ్యాను ఒకటి, చలికాలంలోనూ గోడవైపు తిప్పి ఆడుతూనే ఉండేది. గాలికోసం కాదు, లోపలి మాటలు బయట బల్ల దాకా వినబడకుండా. ఎదురుగా కూర్చోగానే, వేడి చేసింది సారూ అన్నాను.

"వేడి నంద్యాలకు చేస్తాది, నీకు గాదు. ఉచ్చ పోసేటప్పుడు మంటనా? ఆ మాట అను. అంటే సగం రోగం నాకు తెలుస్తాది."

అన్నాను. ఫ్యాను వైపు చూస్తూ అన్నాను, కానీ అన్నాను. మందుల షాపు సంగతి చెబితే చేతిలోని పెన్ను బల్ల మీదికి విసిరాడు. సగం మందు మింగి ఆపితే పురుగు చావదు, మొండికేస్తుంది అని తిట్టాడు. తర్వాత చేతులు కడుక్కొని వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"మంట ఒకటే గానీ కారణాలు శానా ఉంటాయప్పా. నీళ్లు తక్కువైనా మంటే. రాయి కదిలినా మంటే. మూత్రంలో క్రిములు చేరినా, నా ఈడోళ్లకు లోపల గ్రంథి వాసినా మంటే. కొందరు ఘాటు సబ్బుతో రుద్ది రుద్ది తెచ్చుకుంటారు. ఆలుమగల మధ్య అంటుకునే జబ్బులూ ఉండాయి. పరీక్ష చేయకుండా యాదో నేను చెప్పను. నువ్వు కూడా బస్సులో కూచోని ఊహించుకోవద్దు."

ఊహించుకోకుండా ఎట్లా ఉంటాను? పెళ్లికి ముందు నా బతుకు నాకుంది, దాని జోలికి ఇక్కడ పోను. పరీక్ష కాగితం వచ్చేదాకా తిన్నది ఒంటబట్టలేదు. వచ్చాక సారు కాగితం నా వైపు తిప్పాడు.

"ఇది అంటుకునేది. మందుంది, పూర్తిగా పోతాది. పెండ్లాం యాడుంది?"

"ఇంట్లో సారూ. ఐదో నెల."

రాస్తున్న చెయ్యి ఆగింది. "ఈ పొద్దే ఆమెకు చెప్పు. రేపు తోడుకొని రా."

చెప్పకుండా పని జరగదా, మాత్రలు నూరి పాలల్లో కలిపి ఇస్తాను అన్నాను. ఆయనకు అంత కోపం రావడం నేను మళ్లీ చూడలేదు. "పిల్లిపిల్లకు తాపినట్ల తాపుతావా? కడుపుతో ఉండే మనిషి. ఆమెకిచ్చే మందు వేరే, చూసి ఇయ్యాల. ఇయ్యకపోతే పుట్టే బిడ్డ కండ్లకు, ఊపిరికి అంటుకోవచ్చు. నీ పరువు పెద్దదా, బిడ్డ కన్ను పెద్దదా?"

ఎవరి నుంచి ఎవరికి వచ్చింది సారూ అని అడిగాను. ఈ ప్రశ్న ఆయన ఎంతమంది నోట విన్నాడో.

"పరీక్షలో జబ్బు పేరు తెలుస్తాది, తేదీ తెలీదు. ఏండ్ల తరబడి చప్పుడు లేకుండా ఒంట్లో ఉంటాది కొందరికి. నిన్నటిదో, పెండ్లికి ముందుదో నేను చెప్పలేను. చెప్పగలిగినా చెప్పను, పో."

ఆళ్లగడ్డ బస్టాండులో బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, నేను ఎక్కలేదు. రాతి శిల్పాలు చెక్కేవాళ్ల వీధి దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, చెరుకురసం కొని తాగకుండా పారబోశాను. ఆమె పుట్టింటికి పోతే, వాళ్ల అన్నలు వస్తే అని మనసు పరిపరి విధాల పోయింది. ఇల్లు చేరేసరికి ఆమె పెరట్లో బట్టలు జాడిస్తోంది. నిలబడే చెప్పేశాను. అంటుకునే జబ్బు, నీకూ చూపించాలి, బిడ్డకోసం.

ఆమె కొళాయి కట్టేసింది. చేతిలోని తడిబట్ట బకెట్టులోకి వదిలింది.

"నాకూ మంటగానే ఉంది. రెండు నెలలైంది. మీరేమనుకుంటారో అని చెప్పలేదు."

ఒకే ఇంట్లో, ఒకే నొప్పిని ఇద్దరం ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

మర్నాడు ఇద్దరం పోయాం. ఇద్దరికీ వేర్వేరు మందులు, తగ్గిందని మళ్లీ పరీక్షలో తేలేదాకా దూరంగా ఉండమని ఆజ్ఞ. పాప నిండుగా, కళ్లు తళతళలాడుతూ పుట్టింది. ఫోను చేసి చెబితే "కండ్లు చూస్తాందా? బాగ చూస్తాందా?" అని రెండుసార్లు అడిగాడు.

ఒంట్లో మంట పోయింది కానీ ఇంకోటి మిగిలింది. ఆమె ఫోను మోగితే ఎవరని చూసే పాడు చూపు నాకు అలవాటైంది. నేను సరుకుకు పోయి వస్తే నా సంచి ఆమె విప్పే తీరు మారింది. నోరు తెరిచి ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఉండబట్టలేక ఒకరోజు సారు దగ్గరికి పోయి ఇదంతా చెప్పుకున్నాను. "దీనికి నా దగ్గర పరీక్ష లేదప్పా. నవ్వే బిడ్డ ఇంట్లో ఉంటే నీకు తేదీ యాల?" అన్నాడు. సరే అన్నాను. కొంత శాంతించాను, పూర్తిగా కాదు.

ఆయన పోయిన ఆ ఆదివారం మధ్యాహ్నమే ముగ్గురం ఆళ్లగడ్డ పోయాం. సారు ఇంటి ముందు ఆయన చర్చి వాళ్లు మెల్లగా పాడుతున్నారు. నంద్యాల మగవాళ్లు ఎంతమందో ఉన్నారు, పక్క అంగడి ఆయనతో సహా. ఈయన నీకెట్లా తెలుసని ఎవరూ ఎవరినీ అడగలేదు. పెట్టెలో ఆయన ముఖం, కాగితం చదివేటప్పటిలాగే, కొంచెం విసుగ్గా ఉంది. థాంక్స్ సారూ అని చెప్పాలనుకున్నాను, దానికి బదులు పాపను ఎత్తి ఆయన ముఖం చూపించాను.

తిరుగు బస్సులో పాప నిద్రపోయింది. ఆమె కిటికీలోంచి చూస్తూ మాట్లాడింది.

"పాప పుట్టినాక నేనొక్కదాన్నే పోయినా ఒకసారి సారు దగ్గరికి. మీకు తెలీదు."

"ఎందుకు?"

"నా నుంచే వచ్చింటే మాయనకు చెప్పొద్దు సారూ అని అడిగేదానికి."

ఆమె మనసులో ఏముందో నేను అడగలేదు. అడగాలనీ అనిపించలేదు, ఇన్నేళ్లలో మొదటిసారి.

"కాగితం చూసిన రోజు వాకిలి దగ్గర నిలబడి నేనూ అదే అడిగినా. నా నుంచే అయితే ఆమెకు చెప్పొద్దని" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. ఒళ్లో పడుకున్న పాప కాళ్లు మెల్లగా ఎత్తి నా ఒళ్లో పెట్టింది. తల ఆమె దగ్గర, కాళ్లు నా దగ్గర. నంద్యాల వచ్చేదాకా బిడ్డ కదలకుండా ఇద్దరం అట్లాగే పట్టుకొని కూర్చున్నాం.