గుడ్‌బైలో ఉన్న దేవుడు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరి గడప దిగినా "పోయొస్త" అని చెప్పే దిగాలి. తొర్రూరు అంగడికి పోయినా, పక్కింటి నుంచి చింతపండు చేబదులు తెచ్చుకున్నా అంతే. తొందరలో "పోతున్న" అన్నామంటే మా నాయనమ్మ వెనక్కి పిలిచి మరీ సరిగ్గా చెప్పించేది. ఒక్క చావింటి నుంచి మాత్రం ఏమీ అనకుండా తల వంచుకుని లేచి రావాలి. అక్కడ మళ్లీ వస్తామంటే ఇంకో చావును పిలిచినట్టని మా వాళ్ల నమ్మకం.

నేను ఆరో తరగతికి వచ్చి ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్న ఏడు, మా అమ్మను వరంగల్ దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చారు. ఇక మందులు పనిచేయవని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి బాపుకు తెలుసు, నాయనమ్మకు తెలుసు, చుట్టాలందరికీ తెలుసు. అమ్మకూ నాకూ, ఇంకా ఊహ తెలియని తమ్ముడికీ మాత్రమే తెలియదు. నాలుగు మెతుకులు లోపలికి పోతే లేచి తిరుగుతానన్న ఆశతో అమ్మ రోజూ రెండు ముద్దలు కష్టపడి మింగేది.

ఒక ఆదివారం చుట్టాలు చూడటానికి వచ్చారు. మహదేవపూర్ నుంచి అమ్మకు స్వంత అక్క, మా పెద్దమ్మ వచ్చింది. టేకుమట్ల నుంచి మేనత్త వచ్చింది. మా మేనత్త నోట్లో నువ్వు గింజ నానదు. అలాంటి మనిషి కూడా ఆ రోజు డాక్టరు మాటను కడుపులో దాచుకుని, "నీకేంది వదినె, రేపో మాపో నాట్లకు వస్తవ్" అని అమ్మను నవ్వించింది. పొద్దు వాలాక అందరూ లేచారు. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఒక్క మాటా అనకుండా, ఒకరి వెనక ఒకరు గడప దిగి బస్సుకు పోయారు. ఎంతో జాగ్రత్తగా దాచిన సంగతి ఆ పోకడలోనే బయటపడిందని వాళ్లకు తోచినట్టు లేదు.

అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "ఒక్కలన్న పోయొస్తమనలేదేందే బిడ్డా? నా తోడబుట్టింది సుత చెప్పకనే పాయె." మరిచిపోయారేమో అన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. ఆ చుట్టాలలో ఇప్పుడు ఒక్కరూ బతికి లేరు గానీ, వాళ్ల మీద నా కోపం ఇంకా పోలేదు.

మర్నాటి నుంచి నేను కూడా బడికి చెప్పకుండానే పోవాలని నాయనమ్మ నా చెవిలో చెప్పింది. అమ్మ ఇక దక్కదని అప్పుడు నాకు అర్థమైంది. ఏడుస్తూ పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. జనగామలో చదువుకుని వచ్చిన ఆ అక్క దగ్గర లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. చెప్పకుండా పోతే అమ్మ దృష్టిలో నేనూ ఆ చుట్టాలతో జమ అవుతాను, మరి ఏమని చెప్పి పోను అని అడిగాను. అక్క ఆ పుస్తకం తెరిచింది. బడిలో మేము అనే గుడ్‌బై ఒకప్పుడు అంత చిన్న మాట కాదట. 'దేవుడు నీకు తోడుండాలి' అని ఇంగ్లీషు వాళ్లు నిండుగా అనేవారట. తరతరాలు అని అని, తిరగలి రాయిలా అరిగి ఆ ముక్క మిగిలిందట.

"అండ్ల పోవుడు లేదు, మళ్ల వచ్చుడు లేదు. అమ్మకు గదే చెప్పు" అంది అక్క.

దేవుడు నిజంగా తోడుంటాడా అని అడిగాను. అక్క పుస్తకం మూసేసింది. "నాకేమెరుక. తాము ఉండలేనోళ్లు గట్ల అంటరు."

పొద్దున నాకు ఇంగ్లీషు పరీక్ష. సంచీ తగిలించుకుని అమ్మ మంచం పక్కన నిలబడి గుడ్‌బై అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా అరిగిందో గొప్పగా వివరించాను కూడా. అమ్మ నాతో మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"దేవుడెందుకే బిడ్డా, నువ్వుండు."

ముద్దుకు అంటోందనుకున్నాను. ఆలస్యమైతే సారు లోపలికి రానివ్వడని చెప్పి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మా వాకిలి నిండా జనం. పగటేళ నేను వచ్చానా అని అమ్మ రెండుసార్లు అడిగిందని నాయనమ్మ తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం జనమంతా ఏమీ అనకుండానే లేచి వెళ్లారు.

ఇప్పుడు నా మనవరాళ్లు ఫోన్‌లో బైబై అంటూ చేతులూపుతారు. నేనూ ఊపుతాను గానీ ఆ మాట నా నోటికి రాదు. జబ్బు మనుషులను చూడబోతే, అందరూ లేచాక కూడా నేను మంచం పక్కన కూర్చునే ఉంటాను. భూపాలపల్లి దవాఖానలో మా తమ్ముడి దగ్గర అలాగే కూర్చున్నాను. నేను కూర్చున్నందుకు వాడూ బతకలేదు, ఎవరూ బతకలేదు. ఆనాటి పరీక్షలో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తు లేదు. అమ్మ చేతిలోంచి నా చెయ్యి విడిపించుకోవడం గుర్తుంది.